వెదకనిది కనబడినప్పుడు

తాటిచెట్టు మీద కాకి వాలిన క్షణంలోనే పండు రాలి పడినదట. కాకి బరువుకు పండు రాలలేదు. పండు కొరకు కాకి వాలలేదు. సంబంధం లేని రెండు సంఘటనలు ఒకే క్షణంలో కలిసిరావడాన్ని పూర్వులు కాకతాళీయమన్నారు. ఆసుపత్రుల అత్యవసర విభాగాలలో ఈ పాత న్యాయం నేడు ప్రతిదినమూ కొత్త రూపంలో ఎదురవుతున్నది. వయసు మళ్ళినవారు జారి పడతారు. తలకు దెబ్బ తగిలినదేమోనని సి.టి. స్కానింగు చేస్తారు. దెబ్బ ఏమీ ఉండదు. కాని పడటంతో ఏ సంబంధమూ లేని మరొకటి, ఎవరూ వెదకనిది, ఆ చిత్రంలో కనబడుతుంది. ఒక ఊపిరితిత్తిలో చిన్న నీడ. థైరాయిడ్ గ్రంథిలో గడ్డ. మెదడు పొర మీద బఠాణీగింజంత కణితి. అప్పుడేమి చేయాలి? ఎవరికి చెప్పాలి? ఎంతవరకు పరీక్షించాలి? వైద్యశాస్త్రం ఈ ప్రశ్నలకు కొంతవరకు సమాధానం చెప్పగలదు. మిగిలినది కుటుంబాలు తేల్చుకోవలసినది.

బహ్రెయిన్‌లోని తెలుగు కుటుంబాలకు ఈ సన్నివేశాన్ని ఊహించుకోవడం కష్టం కాదు. మనుమలను చూడటానికి రాజమండ్రి నుండో కరీంనగర్ నుండో వచ్చిన తల్లి వేకువజామున స్నానాలగదిలో తడి పలకల మీద కాలుజారి పడుతుంది. కొడుకు 999కి ఫోను చేస్తాడు. తలకు, మెడకు స్కానింగు జరుగుతుంది. రెండు గంటల తరువాత వైద్యుడు వచ్చి మెదడులో రక్తస్రావం లేదని చెబుతాడు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. చేతికిచ్చిన నివేదికలో మాత్రం చివర మరొక వాక్యం ఉంటుంది: కుడి ఊపిరితిత్తి పై కొనలో 5 మి.మీ. గుండ్రని నీడ కలదు.

ఇక్కడి నుండి కథ రెండు దారులలో నడుస్తుంది. ఒక ఇంటిలో ఆ వాక్యాన్ని ఎవరూ చదవరు. మూడు వారాల తరువాత వీసా గడువు ముగిసి తల్లి స్వదేశానికి వెళ్ళిపోతుంది. నివేదిక మాత్రం మనామాలో మేజా సొరుగులో ఉండిపోతుంది. మరొక ఇంటిలో ఆ ఒక్క వాక్యమే చదువుతారు. ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు. "ఏమన్నారు నాయనా?" అని తల్లి అడిగితే, "ఏమీ లేదమ్మా, అంతా బాగానే ఉందన్నారు" అని కొడుకు సమాధానమిస్తాడు. మర్నాటి నుండి తల్లికి చెప్పకుండానే పరీక్షలు మొదలవుతాయి. మొదటిది అశ్రద్ధ, రెండవది అతిశ్రద్ధ. రెండు ఇళ్ళలోనూ జరిగిన పొరపాటు మాత్రం ఒక్కటే. ఆ వాక్యం ఎవరి శరీరాన్ని గురించి వ్రాయబడినదో ఆమెకు అది చేరలేదు.

పెద్దలకు స్కానింగు ఎందుకంత తరచు?

జారిపడటం చిన్న విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన అంచనా ప్రకారం పడిపోవడం వలన ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది మరణిస్తున్నారు. వారిలో అధికులు అరవై దాటినవారే. వయసుతో పాటు మెదడు కొద్దిగా కుంచించుకుపోతుంది. అప్పుడు మెదడు ఉపరితలాన్ని, దానిని కప్పివుంచే పొరను కలిపే సన్నని సిరలు బిగుసుకుని నిలుస్తాయి. చిన్న కుదుపుకే అవి తెగవచ్చు. లోపల ఖాళీ ఎక్కువ కనుక రక్తం నెమ్మదిగా చేరుతున్నా మొదట ఏ లక్షణమూ కనబడకపోవచ్చు.

రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు వాడేవారికి ఈ ప్రమాదం మరింత ఎక్కువ. వీటిలో ప్రసిద్ధమైన వార్ఫరిన్ చరిత్ర రసాయనశాస్త్రానికి చెందినది. 1920లలో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన ఒక రకం పశుగ్రాసం తిన్న పశువులు రక్తస్రావంతో మరణించేవి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గ్రాసం నుండి కారణమైన పదార్థాన్ని వేరుచేసింది. దానికి బంధువైన వార్ఫరిన్ మొదట ఎలుకల మందుగా వచ్చి, 1950లలో మనుషులకు ఔషధమైనది. నేడు ఎందరో హృద్రోగులు ఆ మందునో, దాని తరువాత వచ్చిన కొత్త మందులనో వాడుతున్నారు.

ఈ కారణాల వలన వైద్యనియమాలు కూడా వయసును ప్రత్యేకంగా చూస్తాయి. తలకు స్వల్పమైన దెబ్బ తగిలి కొద్దిసేపు స్పృహ తప్పినవారిలోనో, జరిగినది మరచినవారిలోనో ఎవరికి స్కానింగు అవసరమో చెప్పే కెనడా నియమావళి 2001లో వెలువడినది. 65 ఏళ్ళు నిండి ఉండటమే అందులో అధిక ప్రమాద సూచనలలో ఒకటి. ఇక భయాన్ని కలిగించే కిరణాల మాట. తల స్కానింగులో శరీరానికి చేరేది సుమారు 2 మిల్లీసీవర్టులు. భూమి మీద సహజంగా ప్రతి మనిషికీ ఏడాదిలో చేరే సగటు 2.4 మిల్లీసీవర్టులు. ఎనభై ఏళ్ళ వ్యక్తి విషయంలో ఈ కిరణాలను గురించి చింతించవలసినది దాదాపు లేదు. చింతించవలసినది స్కానింగు తరువాత జరిగే వాటిని గురించి.

యంత్రం చెప్పేది అంకె, పేరు కాదు

సి.టి. స్కానింగు ఏమి చూపుతుందో తెలిస్తే భయం సగం తగ్గుతుంది. ఇంగ్లండులో ఇ.ఎం.ఐ. సంస్థలో పనిచేసిన ఇంజనీరు గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ దీనిని రూపొందించారు. 1971 అక్టోబరు 1న లండను సమీపంలోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మొదటి రోగికి తల స్కానింగు జరిగినది. దీనికి కావలసిన గణితాన్ని అంతకు ముందే భౌతికశాస్త్రజ్ఞుడు అలన్ కార్మాక్ స్వతంత్రంగా సాధించారు. ఇద్దరికీ కలిపి 1979లో నోబెల్ బహుమతి లభించినది.

ఎక్స్-కిరణాలను అనేక కోణాల నుండి శరీరం గుండా పంపి, ప్రతి బిందువులోని పదార్థం వాటిని ఎంతగా అడ్డగించినదో గణించడమే ఈ పద్ధతి. ఆ అడ్డగింపునకు ఒక అంకె ఇస్తారు. నీటికి 0, గాలికి మైనస్ 1000, కొవ్వుకు సుమారు మైనస్ 100, మెదడు కణజాలానికి 30 నుండి 40. కాల్షియం పరమాణువు కార్బన్, ఆక్సిజన్‌ల కంటె బరువైనది కనుక ఎముక అంకె వందలలో ఉంటుంది. కొత్తగా గడ్డకట్టిన రక్తం మెదడు కంటె తెల్లగా కనబడుతుంది. దానికి కారణం రక్తంలోని ఇనుము అని చాలామంది అనుకుంటారు. ముఖ్య కారణం చిక్కబడిన ప్రోటీను. రోజులు గడిచి ఆ ప్రోటీను విచ్ఛిన్నమైన కొద్దీ అంకె తగ్గి, ఒక దశలో రక్తం మెదడు రంగులోనే కలిసిపోతుంది. పడిన కొన్ని వారాలకు పెద్దవారిలో మాట తడబాటు, నడక తూలడం, మతిమరుపు మొదలైతే, మొదటి స్కానింగులో ఏమీ లేదని ఊరుకోక తిరిగి చూపించమనడానికి కారణం ఇదే.

ఇందులో గ్రహించవలసిన విషయం ఒకటున్నది. యంత్రం ఇచ్చేది సాంద్రతను తెలిపే అంకె. దానికి వ్యాధి పేరు పెట్టేది మనిషి. కొన్నిసార్లు అంకె ఒక్కటే చాలు. మూత్రపిండాల పైన ఉండే అధివృక్క గ్రంథులలో చిన్న గడ్డలు కనబడటం సాధారణం. ఉదరం స్కానింగు చేసిన ప్రతి నూరు మందిలో సుమారు నలుగురికి అవి ఉంటాయి, వయసుతో పాటు ఆ సంఖ్య పెరుగుతుంది. ఈ గ్రంథి కొలెస్టరాల్ నుండి హార్మోనులను తయారుచేస్తుంది. కనుక నిరపాయకరమైన గడ్డలలో చాలావాటి నిండా కొవ్వు పదార్థమే ఉంటుంది. సిరలోనికి రంగుమందు ఎక్కించకుండా తీసిన స్కానింగులో గడ్డ అంతా ఒకే తీరుగా ఉండి అంకె 10 గాని అంతకు తక్కువ గాని ఉంటే అది క్యాన్సరు కాదని చెప్పవచ్చు. మళ్ళీ స్కానింగు అవసరం లేదు. హార్మోనులు అధికంగా వెలువడుతున్నవేమో రక్తపరీక్షతో చూస్తే సరిపోతుంది. మరికొన్నిసార్లు అంకె ఏమీ తేల్చదు. 5 మి.మీ. నీడ ఎప్పుడో మానిన పుండు మచ్చ కావచ్చు. ఇప్పుడే మొదలైన వ్యాధీ కావచ్చు. అప్పుడు కాలమే పరీక్షకుడు.

వెదకితే దొరకనివారు ఎవరు?

అనుకోకుండా కనబడినవి అరుదైన దురదృష్టాలు కావు. నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్ నగరంలో ఏ లక్షణాలూ లేని 2000 మందికి మెదడు ఎం.ఆర్.ఐ. తీసి, ఫలితాలను 2007లో ప్రచురించారు. వారి సగటు వయసు 63. నూటికి 7.2 మందిలో వారికి తెలియకుండానే జరిగిపోయిన పాత పక్షవాతపు గుర్తులు కనబడినవి. నూటికి 1.8 మందిలో మెదడు ధమనిలో ఉబ్బు, 1.6 మందిలో క్యాన్సరు కాని కణితి ఉన్నవి. వీరందరూ ఆ ఉదయం ఇంటి నుండి ఆరోగ్యవంతులుగా నడిచి వచ్చినవారే. మూత్రపిండాలలో నీటి బుడగలు, పిత్తాశయంలో రాళ్ళు, థైరాయిడ్ గడ్డలు ఇంతకంటె సాధారణం. తల నెరవడం బయటికి కనబడే మార్పు. ఇవి లోపల కనబడే మార్పులు.

కనబడిన ప్రతిదానినీ వెంటాడితే ఏమవుతుందో దక్షిణ కొరియా అనుభవం చెబుతున్నది. అక్కడ 1999 తరువాత క్యాన్సరు పరీక్షల కార్యక్రమం విస్తరించినప్పుడు, తక్కువ ఖర్చుతో థైరాయిడ్ అల్ట్రాసౌండు కూడా చేయించుకోవడం అలవాటైనది. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సరు నమోదు 1993తో పోలిస్తే 15 రెట్లయినది. ఆ క్యాన్సరుతో మరణించేవారి సంఖ్య మాత్రం మారలేదు. పెరిగినది వ్యాధి కాదు, చూపు. మనిషి జీవితకాలమంతా హాని చేయకుండా పడి ఉండే సూక్ష్మమైన క్యాన్సర్లను వెదకి పట్టుకుని, వేలమందికి గ్రంథిని తొలగించారు. వారిలో ఎందరో జీవితాంతం హార్మోను మాత్రలు మింగవలసినవారయ్యారు; కొందరికి కాల్షియం సమస్యలు, కొందరికి గొంతు మార్పు వచ్చినవి. 2014లో వైద్యులే హెచ్చరించిన తరువాత శస్త్రచికిత్సలు గణనీయంగా తగ్గినవి.

తీగ లాగితే డొంకంతా కదిలినదనే సామెత నేరపరిశోధనలో మెచ్చుకోలు మాట. ఎనభై ఏళ్ళ వ్యక్తి శరీరంలో మాత్రం అది హెచ్చరిక. ఒక నీడ కొరకు మరొక స్కానింగు, అందులో కనబడిన రెండవ గడ్డ కొరకు సూదితో ముక్క తీయడం, దాని కొరకు రక్తం పలచబరచే మందు కొన్నాళ్ళు ఆపడం, ఆ ఆపిన రోజులలో పక్షవాతం. ఇందులో ఏ ఒక్క అడుగూ తప్పు కాదు. అన్నీ కలిసిన తరువాత మాత్రం పడిపోవడం వలన జరగని హాని పరీక్షల వలన జరుగుతుంది.

అందువలననే వైద్యసంఘాలు హద్దులు నిర్ణయించినవి. ఊపిరితిత్తుల చిత్రాలకు సంబంధించిన ఫ్లైష్నర్ సంఘం 2017 నియమాల ప్రకారం, పొగతాగని, ఇతర ప్రమాద కారణాలు లేని వ్యక్తిలో 6 మి.మీ. కంటె చిన్నదైన గట్టి నీడకు మళ్ళీ మళ్ళీ స్కానింగు అవసరం లేదు. క్యాన్సరు ఉన్నవారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి ఈ నియమం వర్తించదు. థైరాయిడ్ విషయంలో అమెరికా రేడియాలజీ కళాశాల 2015లో ఇచ్చిన సూచన మేరకు, 35 ఏళ్ళు నిండినవారిలో 1.5 సెం.మీ. కంటె చిన్న గడ్డ సి.టి.లో కనబడితే, అనుమానాస్పద లక్షణాలు లేనప్పుడు అల్ట్రాసౌండు కూడా అక్కరలేదు. పైన చెప్పిన తల్లి పొగతాగని మనిషే అయితే, ఆమె 5 మి.మీ. నీడకు సరైన చికిత్స ఒక వివరణ, ఒక కాగితం. కొడుకు నిద్రపోని ఆ రాత్రి అవసరమే లేదు.

నీడ అంటే భయం ఎక్కడిది?

గల్ఫ్‌లోని తెలుగువారికి ఈ భయం కొత్తది కాదు, కారణం లేనిదీ కాదు. ఇక్కడికి ఉద్యోగానికి వచ్చేవారు స్వదేశంలోనే వైద్యపరీక్షకు నిలబడవలసి ఉంటుంది. అందులో ఛాతీ ఎక్స్‌రే ఒకటి. ఎన్నడో మానిపోయిన క్షయ మచ్చ కనబడినా అనర్హుడని ముద్ర పడవచ్చు. అప్పుచేసి ఏజెంటుకు డబ్బు కట్టిన యువకునికి ఆ మచ్చ వ్యాధి కాకపోయినా జీవితాన్ని తలక్రిందులు చేస్తుంది. ఎక్స్‌రేలో నీడ అంటే తీర్పు అని ఇక్కడి కుటుంబాలు అనుభవంతో నేర్చుకున్నవి. ఆ పాఠాన్నే తల్లి నివేదికకు అన్వయించుకుంటున్నవి. వీసా పరీక్షలో అధికారి అడిగేది నీడ ఉన్నదా లేదా అన్న ఒక్క ప్రశ్న. వైద్యుడు అడగవలసినది వేరు: ఈ నీడ మారుతున్నదా?

ఆ ప్రశ్నకు అతి చవకైన సమాధానం పాత ఎక్స్‌రే. భారతదేశంలో క్షయ విస్తృతంగా ఉన్న వ్యాధి. తమకు తెలియకుండానే సోకి, తెలియకుండానే మానినవారు కోకొల్లలు. అటువంటి మచ్చలు కాలక్రమంలో కాల్షియంతో నిండి గట్టిపడతాయి. నీడ మొత్తం కాల్షియంతో నిండి ఉంటే అది దాదాపు ఎల్లప్పుడూ పాత మచ్చయే. రెండేళ్ళ క్రిందటి చిత్రంలోనూ అదే పరిమాణంలో ఉన్న గట్టి నీడ నిరపాయకరమని సాధారణంగా భావిస్తారు. కనుక కంటిశుక్లాల శస్త్రచికిత్సకు ముందు తీసినదో, ఎన్నడో దగ్గు వచ్చినప్పుడు తీసినదో, స్వస్థలంలో బీరువా మీద దుమ్ము పట్టిన ఎక్స్‌రే ఫిలిము ఒక్కోసారి ఇక్కడి ఖరీదైన పరీక్షలన్నిటికంటె విలువైనది. బంధువులచేత దానిని వెలుతురుకు ఎదురుగా పట్టించి, ఫోటో తీయించి తెప్పించినా వైద్యునికి కొంత ఆధారం దొరుకుతుంది.

ముత్యాల దీవియైన బహ్రెయిన్‌లో ఈ సంగతికి ఒక చక్కని పోలిక ఉన్నది. సాగు ముత్యాల వ్యాపారాన్ని ఇక్కడి చట్టం అనుమతించదు. సహజ ముత్యాన్ని గుర్తించడానికి 1990లోనే ఇక్కడ పరీక్షాశాల ఏర్పడినది. 2017లో మొదలైన దానత్ సంస్థలో ముత్యాన్ని కోయకుండా లోపలి పొరలు చూడటానికి సూక్ష్మ సి.టి. యంత్రాన్ని వాడుతున్నారు. అక్కడి పరీక్షకులు యంత్రాన్ని ఒక ప్రశ్నతో సమీపిస్తారు: లోపల మనిషి పెట్టిన పూస ఉన్నదా? చిత్రం ఆ ప్రశ్నకు సమాధానం చెబుతుంది. అత్యవసర విభాగంలోనూ వైద్యుడు అడిగినది ఒకే ప్రశ్న: రక్తస్రావం ఉన్నదా? శరీరం ముత్యం వంటిది కాదు. అడగని ప్రశ్నలకు కూడా అది సమాధానాలు ఇస్తుంది. వాటిలో ఏది వినవలసినదో ఎంచుకునే వివేకం యంత్రానికి లేదు.

వినవలసినవి కూడా ఉన్నవి

ఇంతమాత్రాన అనుకోకుండా కనబడినవన్నీ త్రోసిపుచ్చవలసినవని అర్థం కాదు. కొన్ని నిజంగా ప్రాణం నిలుపుతాయి. ఉదరంలోని బృహద్ధమని 3 సెం.మీ. లేదా అంతకు మించి ఉబ్బితే దానిని గమనిస్తూ ఉండాలి, పురుషులలో 5.5 సెం.మీ. చేరితే మరమ్మతును గురించి ఆలోచిస్తారు. లక్షణాలేవీ లేకుండా పెరిగి ఒక్కసారి పగిలే ఈ ఉబ్బు చాలామందిలో మరేదో కారణంతో చేసిన స్కానింగులోనే బయటపడుతుంది.

కొన్నిసార్లు కాకతాళీయమనుకున్నది కాకతాళీయం కాదు. మెదడు గదులలో ద్రవం పేరుకుని నడక తడబడేవారు, చిన్నచిన్న పక్షవాతపు దెబ్బలు తిన్నవారు ఆ కారణంగానే పడి ఉండవచ్చు. అక్కడ పండు రాలడానికి కాకి బరువు నిజంగానే కారణం.

అందరూ భయపడే నీడలకంటె ఎక్కువ శ్రద్ధ చూపవలసినది, ఎవరూ భయపడని మరొక వాక్యం ఉన్నది: వెన్నుపూస ఒకటి అణగి ఉన్నది. వయసు మీద పడినదిలే అని దానిని వదిలివేస్తారు. అది ఎముకలు గుల్లబారిన వ్యాధికి సాక్ష్యం. ఈసారి విరగని తుంటి ఎముక మరోసారి పడినప్పుడు విరగవచ్చునని అది ముందుగా చెబుతున్నది. దానికి మందులు ఉన్నవి. ఎండకు కొదవలేని గల్ఫ్ దేశాలలో కూడా విటమిన్ డి లోపం విస్తృతంగా ఉన్నదని పరిశోధనలు తెలిపినవి. శీతలీకరించిన ఇంటిలో రోజంతా గడిపే పెద్దలకు ఎండ కిటికీ అవతలి వస్తువు. ఇక పడిపోవడమన్నది కూడా స్వయంగా ఒక వార్తే. నిద్రమాత్రలు, రక్తపోటు మందుల మోతాదు, కంటిచూపు, తడి నేల, పట్టుకోవడానికి ఆధారం లేని గోడ, వీటిని ఏ స్కానింగూ చూపదు. ఊపిరితిత్తిలోని 5 మి.మీ. కొరకు మూడు పరీక్షలు చేయించి, స్నానాలగదిలో పట్టుకునే కడ్డీ బిగించని కుటుంబం శాస్త్రాన్ని తలక్రిందులుగా ఆచరించినట్లే.

హక్కుదారు ఎవరు?

ఐన్‌స్టీన్ జీవితంలోని చివరి ఘట్టం ఇక్కడ స్మరించదగినది. 1948లో కడుపునొప్పికి కారణం వెదకుతూ శస్త్రచికిత్స చేసిన రుడాల్ఫ్ నిస్సెన్‌కు ఉదరంలో బృహద్ధమని ఉబ్బు కనబడినది. నాటికి దానిని మార్చివేసే పద్ధతి రాలేదు. కలపగుజ్జులోని సెల్యులోజు నుండి తయారయ్యే సెల్లోఫేన్ కాగితాన్ని దాని చుట్టూ చుట్టి, అక్కడి కణజాలం గట్టిపడేలా చేశారు. ఐన్‌స్టీన్‌కు తన శరీరంలో ఏమున్నదో తెలుసు. తెలిసే ఆరేళ్ళకు పైగా పనిచేశారు. 1955 ఏప్రిల్‌లో ఆ ఉబ్బు పగలనారంభించినప్పుడు మళ్ళీ శస్త్రచికిత్సకు ఆయన అంగీకరించలేదు. ఏప్రిల్ 18న, 76 ఏళ్ళ వయసులో మరణించారు. ఆ నిర్ణయంతో ఏకీభవించనక్కరలేదు. అది ఆయన నిర్ణయమన్నది ముఖ్యం. విషయం తెలిసినవారు మాత్రమే నిర్ణయం తీసుకోగలరు.

తెలుగు ఇళ్ళలో ఈ హక్కును ప్రేమతోనే హరిస్తారు. పెద్దవారికి చెబితే తట్టుకోలేరని పిల్లలు గట్టిగా నమ్ముతారు. ఈ వాదాన్ని తేలికగా త్రోసిపుచ్చరాదు. మతిమరుపు ముదిరినవారికి, జీవితపు చివరి దశలో ఉన్నవారికి ప్రతి గడ్డనూ పేరుపేరునా వివరించడంలో కరుణ లేదు. హాని లేని మార్పులను నివేదికలో వ్రాయడమే మానాలని కొందరు వైద్యులు అనడంలో కూడా కొంత న్యాయమున్నది. కాని స్పృహ, వివేకం ఉన్న తల్లి విషయంలో దాపరికం పనిచేయదు. పిల్లలు గుసగుసలాడుకుంటే ఆమె గ్రహిస్తుంది. తెలియని దానిని తెలిసిన దానికంటె పెద్దదిగా ఊహించుకుంటుంది. భర్త పోయిన తరువాత పొలం, ఇల్లు, పిల్లల చదువులు నడిపించిన మనిషి 5 మి.మీ. నీడను తట్టుకోలేదనడం ఆమెను తక్కువ అంచనా వేయడమే. చెప్పే తీరు ముఖ్యం. "అమ్మా, పడినందువలన ఏమీ కాలేదు. ఊపిరితిత్తిలో పాత మచ్చ వంటిది ఒకటి కనబడినదట. ఇంత చిన్నదానికి ఏమీ చేయనక్కరలేదని వైద్యుల నియమం. ఈ కాగితం నీ దగ్గర ఉంచుకో" అనడానికి అర నిమిషం చాలు.

ఈ మాటకు వలస కుటుంబాలలో మరింత బలమైన కారణం ఉన్నది. స్వదేశంలో ఉన్నవారి నివేదిక ఆ ఊరి వైద్యుని వద్దనే ఉంటుంది. ఇక్కడ స్కానింగు ఒక దేశంలో, తరువాత చూడవలసిన వైద్యుడు మరొక దేశంలో. బహ్రెయిన్‌లో తీసిన చిత్రం హైదరాబాదులోని ఆసుపత్రికి తనంతట తాను చేరదు. ఆరు నెలల తరువాత మళ్ళీ చూడాలని వ్రాసిన వాక్యాన్ని ఆరు నెలల తరువాత గుర్తుచేసేవారు ఎవరూ ఉండరు. ఇక్కడి వైద్యుడు తన బాధ్యత తీరినదనుకుంటాడు. అక్కడి వైద్యునికి విషయమే తెలియదు. కొడుకు పనుల ఒత్తిడిలో మరచిపోతాడు. రెండు దేశాలకూ తిరిగేది ఆ తల్లి ఒక్కతే. కనుక నివేదికను మోయగలిగినది కూడా ఆమెయే. ఆమెకు చెప్పకపోతే మరెవరికీ చెప్పనట్లే.

అత్యవసర విభాగం నుండి బయటికి వచ్చేముందు కుటుంబం అడగవలసినవి మూడు ప్రశ్నలు. కనబడిన దానికీ పడిపోవడానికీ సంబంధం ఉన్నదా? దీనిని ఇంకా పరీక్షిస్తే ఈ వయసులో, ఈ ఆరోగ్య స్థితిలో, చికిత్స ఏమైనా మారుతుందా? మారేట్లయితే ఎవరు, ఎప్పుడు, ఏ ఊరిలో చూడాలి? రెండవ ప్రశ్నకు లేదని సమాధానం వస్తే ఆగిపోవడమే వైద్యం. అలా ఆగడం నిర్లక్ష్యం కాదు. అవునని వస్తే మూడవ ప్రశ్నకు సమాధానం కాగితం మీద ఉండాలి. నివేదిక ప్రతిని, చిత్రాలున్న డిస్కును అడిగి తీసుకోవాలి. కాగితం ఒక్కటే చాలదు. రేపటి వైద్యుడు పోల్చి చూడవలసినది చిత్రాన్ని.

వైద్యులు చేయవలసినదీ ఉన్నది. రోగి కంగారులో ఉన్న అత్యవసర విభాగంలో సమయం తక్కువ. అయినా నివేదిక చివరి వాక్యాన్ని ఇంటికి పంపే కాగితం మీద సులభమైన మాటలలో వ్రాయడం పెద్ద శ్రమ కాదు. తెలుగు సంఘాలు కూడా ఇందులో కొంత చేయగలవు. ఉగాదికి, సంక్రాంతికి వందల కుటుంబాలు ఒకచోట చేరుతాయి. సంఘాలలో వైద్యులు, నర్సులు ఉన్నారు. స్వదేశం నుండి వచ్చే ప్రతి తల్లికీ తండ్రికీ ఒక చిన్న పుస్తకం ఇచ్చి, వాడే మందులు, పాత శస్త్రచికిత్సలు, పాత ఎక్స్‌రేలు ఎక్కడ ఉన్నవి, ఇక్కడ జరిగిన పరీక్షలు ఏవి అని తెలుగులో వ్రాయించగలిగితే, అది అనేక పరీక్షలను తప్పిస్తుంది. అవసరమైన ఒకటి రెండు పరీక్షలను తప్పిపోనివ్వదు. తెలుగులో ఉండటం ముఖ్యం. ఆ పుస్తకాన్ని చదువుకోవలసినది ఆమెయే.

ప్రయాణం రోజున తల్లి పెట్టెలో మనుమలు ఇచ్చిన బొమ్మలు, బంధువులకు ఖర్జూరాలు, బాదంపప్పు సర్దుతారు. పాస్‌పోర్టు, టికెట్టు మాత్రం ఆమె చేతిసంచిలోనే పెడతారు, పోగొట్టుకోరాదని. ఆ నివేదిక, ఆ డిస్కు కూడా ఆ చేతిసంచిలోనే ఉండాలి. అందులో ఏమి వ్రాసి ఉన్నదో విమానం ఎక్కేసరికి ఆమెకు తెలిసి ఉండాలి.